అన్ని ప్రభుత్వ కార్యాలయాలూ ఒకే భవనంలోకి: పటం గీయకముందు అడగవలసినవి

పట్టణంలో తలా ఒక చోట ఉన్న ప్రభుత్వ కార్యాలయాలను ఒకే కొత్త భవనంలోకి తెస్తున్నారనీ, సలహా సంఘంలో మిమ్మల్నీ వేశారనీ, ముందుగా ఏమి అడగాలో చెప్పమనీ రాశారు. ఇలాంటి భవనానికే ఆరు శాఖల మధ్య సమన్వయం చూసే పని నాకు అప్పగించారు. మొదటి సమావేశం నుంచి తాళాలు చేతికి వచ్చేదాకా నాలుగేళ్లు పట్టింది. నేను ఇంజినీరును కాను, ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి. నా జవాబు కూడా ఆ వైపు నుంచే వస్తుంది.

నమూనా బొమ్మ ముందుపెట్టగానే మెచ్చుకోవడానికి తొందరపడకండి. లిఫ్టు, మరుగుదొడ్లు, జనరేటరు, నీళ్ల ట్యాంకు, సమావేశ మందిరం, ఇవన్నీ ఎవరి బాధ్యత అని అడగండి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది అన్న సామెతను మా భవనంలో కళ్లారా చూశాను. తెరిచిన రెండో ఏడాది లిఫ్టు ఆగిపోయింది. మరమ్మతు బిల్లు మీద సంతకం చేసే అధికారం ఏ శాఖకూ లేదు, అధికారం ఉన్నా ఆ పద్దు కింద డబ్బు లేదు. కింది అంతస్తు వారు ‘మేము లిఫ్టు ఎక్కమే’ అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. నెలన్నరపాటు వృద్ధులు మెట్లెక్కారు. చివరికి ఎవరి గదుల విస్తీర్ణం ఎంతో నిర్వహణ ఖర్చులో వారి వాటా అంత అనీ, ఒక శాఖ ఆ సొమ్ము వసూలు చేసి పనులు చూడాలనీ రాసుకున్నాం. ఆ కాగితం శంకుస్థాపనకు ముందే రాసుకోవలసింది. అప్పుడు అందరికీ గదులు కావాలి, అందుకోసం అందరూ సంతకం పెడతారు. గది చేతికొచ్చాక పెట్టించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది.

రెండోది స్థలం లెక్క. ఎంత కావాలని శాఖలను అడిగితే అధికారి హోదాను బట్టి గది చెబుతారు, వచ్చే జనాన్ని బట్టి చెప్పరు. మేము అడిగి తెచ్చిన కోరికలన్నీ కలిపితే ఆ స్థలంలో రెండు భవనాలు కట్టాలి. పైగా గోడలు, నడవాలు, మెట్లకు మొత్తం విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు పోతుందన్న సంగతి ఆ కోరికల్లో ఎవరికీ గుర్తులేదు. అప్పుడు ఇద్దరు సహాయకులతో కలిసి రెండు వారాలు పాత కార్యాలయాల గుమ్మాల దగ్గర నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఇక్కడినుంచి ఎక్కడికి వెళ్తున్నారు, ఇంతే రాశాం. జనం ఎక్కువగా వచ్చేది రెండు శాఖలకే అని తేలింది. చాలామంది ఒకచోట కాగితం తీసుకుని, దాన్ని మరోచోట చూపించడానికి తిరుగుతున్నారు. తమ దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి మాత్రమే వచ్చేవారూ తక్కువేమీ కాదు. ఆ నోటుపుస్తకం వల్లే ఆ రెండు శాఖల కౌంటర్లు కింది అంతస్తులో పక్కపక్కన వచ్చాయి, గుమ్మంలోనే విచారణ బల్ల పడింది. పెద్ద అధికారుల గదులు పైకి వెళ్లాయి. అందుకు వారు నన్ను చాలాకాలం క్షమించలేదు.

ఇక దస్త్రాలు. రికార్డు గదిని మొదట రెండో అంతస్తులో చూపించారు. స్లాబు లెక్క కట్టే ఇంజినీరు ‘బరువెంత?’ అని అడిగితే మాలో ఎవరికీ తెలియదు. కాటా తెచ్చి తూచాం. ఒక మీటరు పొడవు అరలో నిండుగా పేర్చిన ఫైళ్లు నలభై కిలోల దగ్గరికి వచ్చాయి. అలాంటి ఏడు అరలున్న బీరువా మోపేది చదరపు మీటరులో సగం కూడా లేని చోట. మామూలు కార్యాలయపు గచ్చును చదరపు మీటరుకు సుమారు 250 నుంచి 300 కిలోల భారానికి లెక్క కడతారు, ఫైళ్లు నిల్వ చేసే గదికి 500 కిలోలో, అంతకన్నా ఎక్కువో కావాలి. పట్టాల మీద జరిగే బీరువాలైతే ఇంకా ఎక్కువ. రోజూ తీసే ఫైళ్లను కింది అంతస్తులో వెనకవైపు ఉంచి, పాతవాటికి పక్కనే విడిగా ఒంటి అంతస్తు గది కట్టించాం. ఆ గది పైన నీళ్ల గొట్టాలు పోకుండా చూడండి, మంటలు ఆర్పే ఏర్పాటు గురించి కూడా అడగండి.

చక్రాల కుర్చీలో వచ్చేవారి దారిని పటం మీద మీరే స్కేలుతో కొలవండి. వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. అంటే గచ్చు 60 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు 7 మీటర్లకు పైగా రావాలి. మాకు చూపిన పటంలో అది 4 మీటర్లే ఉంది. పేరుకు ర్యాంపు, పనికి జారుడుబల్ల.

బస్సు దిగిన మనిషి ఎంత దూరం నడవాలో కూడా అడగండి. ఊరిబయట స్థలం చౌకగా దొరికిందని సంబరపడేవారికి ఆ నడక కనపడదు.

కొత్త భవనంలోకి మారేటప్పుడు అన్ని శాఖలనూ ఒకే వారంలో తరలించకండి. జనం తక్కువ వచ్చే శాఖను ముందు పంపించి నెలరోజులు చూడండి. మాకు అలాగే రెండు మరుగుదొడ్ల గొట్టాలు తప్పుగా కలిపారని బయటపడింది. లోపాలు సరిదిద్దే గడువు ఇంకా మిగిలి ఉండటంతో గుత్తేదారు తన ఖర్చుతోనే మళ్లీ తవ్వి వేశాడు.