305 ఇంజిన్‌కి పవర్ పెంచడానికి రిటైర్మెంట్ ఖాతా 401కె మీద లోన్ తియ్యొచ్చా?

ప్రశ్న: హ్యూస్టన్ దగ్గర ఉంటామండీ, నాకు 41, హెచ్1బి, గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఉన్నాం, ఇద్దరు పిల్లలు, మా ఆవిడకి జాబ్ లేదు. పోయినేడు 1931 ఫోర్డ్ మోడల్ ఎ కూపే హాట్ రాడ్ (పాత బండికి వేరే ఇంజిన్ పెట్టి మార్చింది) ఒకటి క్యాష్ పెట్టి కొన్నా. అందులో షెవర్లే 305 ఇంజిన్ (305 క్యూబిక్ అంగుళాలు), టూ బ్యారెల్ (గాలి దారులు రెండున్న) కార్బ్యురేటర్, టర్బో 350 గేర్‌బాక్స్, వెనక యాక్సిల్‌లో 2.73 గేర్లు (చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ 2.73 సార్లు తిరుగుతుంది). సౌండ్ బాగుంది గానీ సిగ్నల్ పడ్డాక కదలదు. సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసేది), హెడ్స్ (సిలిండర్ల పైన వాల్వ్‌లుండే భాగం), లేబర్ అన్నీ కలిపి 12,000 డాలర్లు అన్నారు షాపులో. 401కె నుంచి 8,000 లోన్, మిగతా 4,000 కార్డ్ మీద పెడదామని ఉంది. సేవింగ్స్ 7,000 ఉన్నాయి, నెల ఖర్చు 6,000, మిగిలేది 400. ఓకేనా?

జవాబు: వద్దండీ. బండి వద్దనట్లేదు, ఈ పద్ధతి వద్దంటున్నా.

ముందు 401కె సంగతి. సొంత డబ్బే కదా, వడ్డీ కూడా మన అకౌంట్‌లోకే వస్తుంది కదా అని అందరూ అనుకుంటారు, అది నిజమే, కానీ మీరు హెచ్1బి మీద ఉన్నారు, జాబ్ పోతే మీకుండేది మహా అయితే 60 రోజుల గ్రేస్, అదే టైమ్‌లో లోన్‌లో మిగిలింది కూడా మెడకి చుట్టుకుంటుంది. ఆ ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోపు, ఎక్స్‌టెన్షన్ పెడితే అక్టోబర్ లోపు, ఆ మొత్తం ఐఆర్‌ఎలో (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతాలో) వెయ్యలేకపోతే అది మీ ఇన్‌కమ్ కింద లెక్క, పైగా 59న్నర దాటలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ. మీరు 22 శాతం బ్రాకెట్‌లో ఉన్నారనుకుంటే మొత్తం 8,000 మీద 2,560 డాలర్లు, అదీ జీతం లేని నెలల్లో. ఇక కార్డ్ వడ్డీ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. సరే అని మొత్తం 12,000 పర్సనల్ లోన్ తీసుకున్నా 12 శాతానికి 4 ఏళ్లు వేస్తే నెలకి 316 కట్టాలి, మీకు మిగిలే 400లో ఇంక ఉండేది 84.

ఇప్పుడు ఇంజిన్. 305 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 3.48 అంగుళాలు, షెవర్లేదే పెద్దదైన 350 ఇంజిన్‌ది కూడా అదే, తేడా అంతా బోర్‌లో (సిలిండర్ వెడల్పులో), 305కి 3.736, 350కి 4.00. బోర్ చిన్నదైతే పెద్ద వాల్వ్‌లకి గోడ అడ్డం వస్తుంది, గాలి సరిగా ఆడదు, అంటే మీరు హెడ్స్ మీద పెట్టే ప్రతి డాలర్‌కి 305 మీద వచ్చే ఫలితం తక్కువే. ఇంకోటి, 350 కోసం చేసిన చాలా హెడ్స్‌లో ఛాంబర్ (పెట్రోల్ మండే గది) 64 సీసీ ఉంటుంది, 305ది 58 దాకా ఉంటుంది, చూసుకోకుండా మార్చేస్తే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోల్ నొక్కుకోవడం) తగ్గి డబ్బు పెట్టి పవర్ పోగొట్టుకున్నట్టవుతుంది. ఇక పాత స్టాక్ కాస్ట్ పిస్టన్ల మీద సూపర్‌ఛార్జర్ అంటే, ట్యూనింగ్ కొంచెం తేడా కొట్టి నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండడం) మొదలైతే పిస్టన్ పగిలే రిస్క్ ఉంది. ఆ కొటేషన్‌లో పిస్టన్లు ఉన్నాయా? రేడియేటర్, బ్రేకులు, వెనక యాక్సిల్ ఉన్నాయా? మీరు రాసిందాన్ని బట్టి లేవు. 12,000 అన్నది మొదటి బిల్లు మాత్రమే.

అసలు మీ బండికి కావాల్సింది అంత పవరేనా అని నా డౌట్. మోడల్ ఎ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు 40 హార్స్‌పవర్, 1970ల చివర్లో టూ బ్యారెల్ 305 వచ్చిందే 140 చిల్లర, అయినా ఇంత తేలిక బండికి అది చాలు, సిగ్నల్ దగ్గర కదలకపోవడానికి పెద్ద కారణం ఆ 2.73 గేర్లు. 3.55 వేస్తే చక్రాల దగ్గర టార్క్ 30 శాతం పెరుగుతుంది, ఇంజిన్ ముట్టుకోకుండానే. నష్టం ఏంటంటే మీ గేర్‌బాక్స్‌కి ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్‌ని నెమ్మదిగా తిరగనిచ్చే గేర్) లేదు, 28 అంగుళాల టైర్‌తో 70 మైళ్ల స్పీడ్‌లో 2,300 ఆర్పీఎం దగ్గర తిరిగే ఇంజిన్ దగ్గర దగ్గర 3,000 తిరుగుతుంది, హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లయితే ఆలోచించుకోండి, ఊళ్లో సండే షోలకైతే పర్లేదు.

దానికంటే ముందు రూపాయి ఖర్చు లేని పని ఒకటి ఉంది. ఇంజిన్ ఆపేసి, ఎయిర్ క్లీనర్ తీసి, ఇంకొకర్ని లోపల కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కమనండి, మీరు పైనుంచి కార్బ్యురేటర్‌లోకి చూడండి, థ్రాటిల్ ప్లేట్లు నిలువుగా నిలబడుతున్నాయా లేదా. ఇలా ఎవరో ఇంట్లో కట్టిన బళ్లలో లింకేజ్ తేడా ఉండి ముప్పావే తెరుచుకునేవి బోలెడు. తర్వాత కంప్రెషన్ టెస్ట్, టైమింగ్ (స్పార్క్ ఎప్పుడు పడుతుందో) చెకింగ్, ఈ ఇంజిన్లకి టోటల్ అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందు పడాలో) 34-36 డిగ్రీల దగ్గర పెడతారు మామూలుగా. కంప్రెషన్ బాగుంటే ఫోర్ బ్యారెల్ మానిఫోల్డ్, కార్బ్యురేటర్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి, 600 సీఎఫ్ఎం (నిమిషానికి వెళ్లే గాలి, ఘనపుటడుగుల్లో) అంటేనే ఎక్కువ, 305 ఇంజిన్ 5,500 ఆర్పీఎం దగ్గర కూడా పీల్చేది 485 దగ్గరే, 750 అమ్మజూపితే వద్దనండి. కంప్రెషన్ బాలేదంటే మాత్రం 305 మీద ఇంక డాలర్ పెట్టకండి, డబ్బు కూడాక 350 ఇంజిన్ చూసుకోవచ్చు, అవే మౌంట్లు, అదే గేర్‌బాక్స్ సరిపోతాయి, కాకపోతే 1986ది, ఆ తర్వాతదైతే ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే ప్లేట్) వేరే, అది ముందే అడగండి.

డబ్బు మాటకొస్తే, మీ 7,000 అంటే నెల ఖర్చు కాస్త దాటింది అంతే, వీసా మీద ఒక్క జీతంతో ఉన్న ఇంటికి కనీసం 6 నెలలు ఉండాలంటాను, అంటే 36,000. నెలనెలా 400తో అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది, తెలుసు, అందుకే బోనస్ వస్తే ముప్పావు వంతు అటే వెయ్యండి. 400లో 300 ఎమర్జెన్సీకి, 100 బండికి, బండిది వేరే అకౌంట్‌లో, బోనస్‌లో మిగిలిన పావు కూడా అందులోకే. గేర్లు, ట్యూనింగ్ కలిపి 1,500 దాటకూడదని గీత గీసుకోండి, అది కూడాకే షాపుకెళ్లండి. కంపెనీ 401కె మ్యాచ్ (మీరు వేసేదానికి కంపెనీ కలిపేది) పూర్తిగా తీసుకుంటున్నారో లేదో మీరు రాయలేదు, తీసుకోకపోతే ఆ 100 కూడా ముందు అటే.

ఇన్సూరెన్స్ మామూలు కార్ పాలసీలో ఉంటే అగ్రీడ్ వాల్యూ పాలసీకి (బండి విలువ ముందే ఒప్పుకునేదానికి) మార్చండి, ఏం మార్చినా వాళ్లకి చెప్పండి, బిల్లులన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. ఈ కొటేషన్ మీ ఆవిడ చూశారా? చూడకపోతే థ్రాటిల్ చెకింగ్‌కి పెడల్ తొక్కడానికి ఎలాగూ ఒక మనిషి కావాలి, అప్పుడే చూపించెయ్యండి.