పరువున్న ఇంటి కోడలి మీద వరుస హత్యల అనుమానం వస్తే పోలీసులు ఎక్కడ మొదలుపెడతారు?

ఆస్తి, పలుకుబడి, మంచి పేరు అన్నీ ఉన్న ఆడమనిషి మీద ఒకటికి మించి హత్యల అనుమానం వస్తే దర్యాప్తు ఎలా సాగుతుంది, అన్నేళ్లు ఎవరికీ ఎందుకు తెలియదు అని అడిగారు. నేను పోలీసును కాదు. కేరళలోని కాలికట్ (కోళికోడ్) నిట్‌లో పీహెచ్‌డీ చేశాను. అక్కడికి దగ్గర్లోనే కూడత్తాయి ఉంది. 2019 అక్టోబర్‌లో ఆ ఊరి కేసులో మా కాలేజీ పేరు కూడా వినబడేసరికి, అప్పటి నుంచి వదలకుండా చదువుతున్నాను. నేను రాసేది పోలీసుల అభియోగం ప్రకారమే. తేల్చాల్సింది కోర్టు.

2002 నుంచి 2016 దాకా ఒకే బంధువర్గంలో ఆరుగురు పోయారు. మొదట జాలీ జోసెఫ్ అనే ఆమె అత్తగారు, 2008లో మామగారు, 2011లో భర్త. 2014లో భర్త మేనమామ, అదే ఏడాది బంధువుల చంటిపాప, 2016లో ఆ పాప తల్లి. తర్వాతి ఏడాదే ఆ పాప తండ్రిని పెళ్లి చేసుకున్న జాలీయే ఈ కేసులో ప్రధాన నిందితురాలు.

చుట్టుపక్కల వాళ్లందరి దృష్టిలో ఆమె నిట్ లెక్చరర్. ఏళ్ల తరబడి ఉద్యోగానికని చెప్పి ఇంట్లోంచి బయల్దేరేది. అలాంటి ఉద్యోగమే లేదు. ఇదెలా సాగిందని చాలామంది ఆశ్చర్యపోయారు కానీ నాకు ఆశ్చర్యం వేయలేదు. కోళికోడ్ నుంచి ముక్కం వెళ్లే రోడ్డు క్యాంపస్ మధ్యలోంచే పోతుంది. పొద్దున టీకొట్టు దగ్గర నిలబడితే ఎవరు స్టాఫో, ఎవరు ఊరివాళ్లో నాకే తెలిసేది కాదు. అయినా కాలేజీ వెబ్‌సైట్‌లో అధ్యాపకుల జాబితా ఉంటుంది, ఒక్క ఫోన్ చేసినా తేలిపోయేది. అత్తగారు స్వయంగా టీచర్‌గా రిటైరయిన మనిషి. అయినా ఇంటి కోడలి ఉద్యోగం నిజమా కాదా అని ఎవరు వాకబు చేస్తారు? మన ఇళ్లలో మాత్రం చేస్తామా?

ఇలాంటి కేసులు చాలావరకు కాగితాల దగ్గరే తెగుతాయి. మామగారు పోయాక ఆస్తి పెద్దకొడుకు, కోడలి పేరు మీదికి వచ్చేలా ఒక వీలునామా బయటపడింది. అది దొంగదని పోలీసుల వాదన. అమెరికాలో ఉన్న మరిదికి అక్కడే అనుమానం మొదలైంది. ఆయన సమాచార హక్కు కింద అన్న పోస్టుమార్టం రిపోర్టు తెప్పించుకున్నారు. తాను ఆమ్లెట్ వేస్తుండగా, ఇంకా భోజనం చేయకముందే భర్త పడిపోయాడని ఆమె చెప్పింది. రిపోర్టులో కడుపులో అరగని అన్నం, శనగల కూర ఉన్నాయని ఉంది. సయనైడ్ కూడా ఉంది. ఇవన్నీ 2011 నుంచీ ఆ ఫైల్లోనే పడి ఉన్నాయి! బాత్రూం తలుపు లోపల గడియ వేసి ఉందని ఆత్మహత్య కింద మూసేశారు.

ఆ ఆరుగురిలో పోస్టుమార్టం జరిగింది ఆ ఒక్కరికే. అదీ మేనమామ పట్టుబట్టినందువల్ల. 2014లో పోయిన మేనమామ ఆయనే. ఈ కేసులో నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇదే.

మిగతావాళ్లకు ఎందుకు చేయలేదో ఊహించడం కష్టం కాదు. మా పెదనాన్నగారు హఠాత్తుగా పోయినప్పుడు ఇంటి పెద్దలంతా ఒకే మాట మీద నిలబడ్డారు: "కోతలొద్దు, పరువు పోతుంది." డాక్టరు గుండెపోటని రాశారు, సాయంత్రానికి దహనం అయిపోయింది. అక్కడ ఎవరికీ ఏ అనుమానమూ లేదు. కానీ ఒకవేళ ఉన్నా నోరు విప్పే ధైర్యం ఎవరికుంటుంది?

కూడత్తాయి కేసు బయటపడిన 2019లోనే, నవంబర్‌లో మా ఏలూరులో ప్రసాదంలో సయనైడ్ కలిపి పది మందిని చంపాడన్న ఆరోపణతో ఒకతన్ని పట్టుకున్నారు. చివరి మృతుడి ఇంటివాళ్లకు అనుమానం వచ్చి ఫిర్యాదు చేస్తే నెల తిరక్కుండా దొరికాడు. అతను ఆ చివరి మృతుడి ఇంటి మనిషి కాదు, కాబట్టి అడ్డుపడే బంధువులు లేరు.

కూడత్తాయిలో మరిది ఫిర్యాదు మీద కోళికోడ్ రూరల్ ఎస్పీ కె.జి. సైమన్ బృందం కదిలింది. 2019 అక్టోబర్ 4న సమాధులు తవ్వించారు, మర్నాడే అరెస్టులు. నగల దుకాణంలో పనిచేసే ఒకరిని, ఒక కంసాలిని కూడా పట్టుకున్నారు. బంగారం పనిలో సయనైడ్ వాడతారు కదా, అది ఆ దారిలోనే చేతులు మారిందని అభియోగం.

అసలు కష్టం అరెస్టు తర్వాతే. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఏళ్లు గడిచిన ఎముకల్లో సయనైడ్ దొరకడమూ కష్టమే. కేంద్ర ల్యాబ్ పరీక్షలో నలుగురి అవశేషాల్లో విషం ఆనవాళ్లు కనబడలేదని 2023లో రిపోర్టు వచ్చింది. ఇక వాళ్ల విషయంలో ప్రాసిక్యూషన్‌కు మిగిలేది పరిస్థితుల సాక్ష్యమే: చివరిగా ఎవరు పక్కన ఉన్నారు, ఏం తినిపించారు, ఆ చావుతో ఎవరికి లాభం.

అందుకే మీకు నిజంగా ఎవరి మరణం మీదైనా అనుమానం ఉంటే, దహనం కాకముందే స్టేషన్‌కు వెళ్లి అనుమానాస్పద మృతి అని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పోస్టుమార్టం చేయించి విస్రా (లోపలి అవయవాల నమూనాలు) ల్యాబ్‌కు పంపమని అందులోనే అడగండి. బంధువులు కోప్పడతారు, పడనివ్వండి. ఫిర్యాదు అందినట్టు రసీదు తీసుకోండి. పోస్టుమార్టం రిపోర్టు నకలు వచ్చాక పైపైన చూసి పక్కన పెట్టకండి. కడుపులో ఏముందో రాసిన లైను దగ్గర ఆగి, ఇంట్లోవాళ్లు చెప్పినదానితో సరిపోతోందో లేదో చూడండి.