వేట మొదలయ్యే శనివారం సభ పెట్టకు

చిరంజీవి మేనకోడలికి,

మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఐడహో రాష్ట్రంలోని మీ బోయిసీలో నీ నడక బృందాన్నీ అక్కడి వేటగాళ్ళనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ప్రభుత్వ భూముల అమ్మకానికి అడ్డుపడతావట. "తుపాకులవాళ్ళతో దీనికేం పని అన్నయ్యా" అని దాని కంగారు. నాకు సగం కంగారు, సగం గర్వం. నిద్ర పట్టక లేచి రాస్తున్నాను.

గది కోసం గ్రంథాలయంలో అడుగు. కాఫీ ఎక్కువే పెట్టించు. ఉపన్యాసాలు వద్దు.

ఇక తేదీ. ఇక్కడ నా మాట విను.

కొన్నేళ్ళ క్రితం ఇక్కడ మోంటానా రాష్ట్రంలో మా ఊరి దగ్గర అడవిలోకి వెళ్ళే మట్టిదారికి ఒకాయన గేటు పెట్టి తాళం వేశాడు. లోపలి అడవి అందరిదీ, దారి మాత్రం తనదని వాదన. నేను మా నడక సంఘానికి కార్యదర్శిని. వేటగాళ్ళు కలిస్తే తప్ప గేటు తెరుచుకోదని నాకూ తెలుసు. అరవై ఇళ్ళకు ఉత్తరాలు రాశాను, నలభై కుర్చీలు వేయించాను. మావాళ్ళకు తీరిక ఉందని అక్టోబరు చివరి శనివారం ఖాయం చేశాను. వేటగాళ్ళలో ఒక్కడూ రాలేదు.

అవమానంతో ఒళ్ళు మండిపోయి స్థానిక పత్రికకు ఉత్తరం రాశాను: "వీళ్ళకు తుపాకి మీదున్న ప్రేమ నేల మీద లేదు." అచ్చయింది కూడా. మర్నాడు పక్కవీధి పెద్దాయన ఆ ముక్క కత్తిరించి పట్టుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "ఆ రోజు సీజను మొదలైంది. పదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నావు కదా" అని వెళ్ళిపోయాడు. మోంటానాలో జింకల ప్రధాన రైఫిలు వేట సీజను ఏడాదికి ఐదు వారాలే. ఆ మొదటి శనివారం వాళ్ళంతా తెల్లవారకముందే కొండల్లో ఉన్నారు. సంక్రాంతి రోజు పొద్దున్నే ఊళ్ళోవాళ్ళను పంచాయతీకి రమ్మని, రాలేదని తిట్టినట్టు చేశాను. ఇల్లిల్లూ తిరిగి క్షమాపణ చెప్పుకోవడానికి చలికాలమంతా పట్టింది. ఒకాయన ఎల్క్ అనే పెద్ద దుప్పి మాంసం వడ్డించబోతే, శాకాహారినని రొట్టె ముక్క మాత్రం తీసుకున్నాను. అతను నవ్వాడు, అక్కడితో మాట కలిసింది. కానీ ఈలోగా అభ్యంతరాల గడువు దాటిపోయింది. ఆ గేటు ఇప్పటికీ ఉంది. నాలుగు మైళ్ళు చుట్టూ తిరిగి వెళ్తాను, వెళ్ళిన ప్రతిసారీ నన్ను నేనే తిట్టుకుంటాను.

సభలో వేటగాళ్ళు "ఈ నేల కోసం మీరేం కట్టారు?" అని అడుగుతారు, ఉడుక్కోకు. 1937 చట్టం ప్రకారం రైఫిళ్ళ మీదా తూటాల మీదా 11 శాతం పన్ను పడుతుంది, ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. మన బూట్లకూ డేరాలకూ అలాంటి పన్ను లేదు. అందుకే సభకు ముందు 25 డాలర్లు పెట్టి ప్రభుత్వం అమ్మే బాతుల స్టాంపు కొను. బాతుల వేటగాళ్ళకు అది తప్పనిసరి, నీకు కాదు. దాని సొమ్ము దాదాపు అంతా చిత్తడి నేలలు కొనడానికో, కౌలుకు తీసుకోవడానికో పోతుంది. జేబులోంచి తీసి చూపిస్తే వాదన అక్కరలేదు.

2025 జూన్‌లో సెనేట్‌లో 20 లక్షల ఎకరాలకు పైగా అమ్మాలని ప్రతిపాదన వచ్చినప్పుడు మా మోంటానాను జాబితాలోంచి తప్పించారు. అయినా ఇక్కడి వేటగాళ్ళు ఊరుకోలేదు. మనలాంటి నడిచేవాళ్ళూ ఫోన్లు చేశారు. ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకున్నారు. నాకు మాత్రం మన ఊరి పశువుల బీడు గుర్తొచ్చింది. మొదట కంచె, తర్వాత పట్టా, చివరికి మా నాన్న ఆవును తాడు కట్టి ఇంట్లోనే నిలబెట్టాడు. ఆ రోజుల్లో అడిగేవాళ్ళు లేరు. నువ్వు అడుగుతున్నావు. చిన్నప్పుడు బల్లిని చూసి ఏడ్చినదానివి!

ఒక్క మాట, దీనికి నవ్వకు. సీజనులో కొండెక్కితే నారింజ రంగు చొక్కా వేసుకోవాలి, నీ కుక్కకూ కట్టాలి. ఇక్కడ వేటగాడి ఒంటిమీద కనీసం 400 చదరపు అంగుళాల నారింజ రంగు కనబడాలని చట్టం. మీ ఐడహోలో ఆ నియమం కూడా లేదు. పొద్దువాలే వేళ పొదల చాటున నడవకు. మీ అమ్మకు ఈ పేరా చదివి వినిపించకు.

తేదీ ఖాయం చేసేముందు నాకు పంపు. నీ చొక్కా కొలత కూడా రాయి, కుక్కది కూడా.

ఆశీస్సులతో,
మీ మావయ్య