ఈనాక్ వెస్ట్: గోల్స్ కంటే నిషేధంతోనే గుర్తున్న ఆటగాడు

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆడిన ఇంగ్లండ్ ఫుట్‌బాలర్లలో, జనం మర్చిపోయినా తెలుసుకోవాల్సిన ఆటగాడు ఎవరని అడిగారు. నన్నడిగితే ఈనాక్ వెస్ట్.

నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చేసే రోజుల్లో సిటీ అద్దెలు భరించలేక హక్‌నల్‌లో గది తీసుకున్నాను. ట్రామ్ లైన్‌లో చివరి స్టాప్, ఒకప్పటి బొగ్గు గనుల ఊరు. అక్కడి చర్చిలో ఇంగ్లిష్ కవి బైరన్ సమాధి ఉంది కాబట్టి ఊరికి వచ్చే కొద్దిమందీ దానికోసమే వస్తారు. 1886లో వెస్ట్ పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. ఆ సంగతి నాకు చెప్పింది మా ఇంటి ఓనరు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫుట్‌బాల్ క్లబ్ అంటే ప్రాణమిచ్చే పెద్దాయన. ఆయన ‘వెస్ట్’ అనేవాడు కాదు, అందరూ పిలిచే ముద్దుపేరుతో ‘నాకర్’ అనేవాడు, పక్కింటి కుర్రాడి గురించి చెప్తున్నట్టు.

వెస్ట్ 1905లో ఫారెస్ట్‌లో చేరాడు. 1907-08లో అప్పటి టాప్ లీగ్ ఫస్ట్ డివిజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది అతనే. మా ఓనరుకి మాత్రం 1909 ఏప్రిల్ మ్యాచ్ అంటేనే ఇష్టం. డివిజన్ నుంచి కిందికి పడిపోయే ప్రమాదంలో ఉన్న ఫారెస్ట్, అప్పటికే పడిపోవడం ఖాయమైన లెస్టర్ ఫాస్ జట్టుని 12-0తో చితక్కొట్టింది. వెస్ట్‌తో కలిపి ముగ్గురు తలా మూడు గోల్స్ కొట్టారు. ఇదేం స్కోరని లీగ్ విచారణ వేస్తే తేలింది ఏమిటంటే, లెస్టర్ ఆటగాళ్లు పాత సహచరుడి పెళ్లిలో తాగి, ఆ హ్యాంగోవర్‌తోనే మైదానంలోకి దిగారట! వెస్ట్ కెరీర్‌లో విచారణ దాకా వెళ్లిన మ్యాచ్ అదొక్కటే అయ్యుంటే బాగుండేది.

1910లో మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని కొనుక్కుంది. మొదటి సీజన్‌లోనే 19 లీగ్ గోల్స్, జట్టుకి లీగ్ టైటిల్. మొత్తం 181 మ్యాచ్‌ల్లో 80 గోల్స్. ఇంత చేసినా ఇంగ్లండ్ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు.

ఇక 1915 ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లివర్‌పూల్‌తో మ్యాచ్. యుద్ధం మొదలై అప్పటికే ఎనిమిది నెలలు. ఈ సీజన్ తర్వాత లీగ్ ఉంటుందో లేదో తెలీదు, అంటే జీతాలూ అనుమానమే. యునైటెడ్ 2-0తో గెలిచింది. కానీ యునైటెడ్‌కి వచ్చిన పెనాల్టీ ఎక్కడికో పోయింది. లివర్‌పూల్ ఫార్వర్డ్ పాగ్నమ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలితే సొంత జట్టువాళ్లే అతని మీద విసుక్కున్నారు. వెస్ట్ సెకండ్ హాఫ్‌లో బంతిని వీలైనంత దూరం బయటికి తన్నుతూ గడిపాడని అన్నారు. సరిగ్గా 2-0 మీదే పందాలు భారీగా పడ్డాయని బుకీలకి అనుమానం రావడంతో, ఆటగాళ్లు స్కోరు ముందే మాట్లాడుకున్నారన్న గుట్టు బయటపడింది.

ఆ డిసెంబర్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ రెండు జట్లలో కలిపి ఏడుగురి మీద జీవితకాల నిషేధం వేసింది. యునైటెడ్ నుంచి ముగ్గురు: వెస్ట్, శాండీ టర్న్‌బుల్, ఆర్థర్ వాలీ. క్లబ్బులకి మాత్రం ఏమీ కాలేదు. ఆ గెలుపు పాయింట్లు అలాగే ఉంచేశారు. యునైటెడ్ 30 పాయింట్లతో చెల్సీ కంటే ఒక్కటంటే ఒక్క పాయింటు ముందు నిలిచి, కింది డివిజన్‌కి పడిపోకుండా గట్టెక్కింది.

అందరిలోకీ గట్టిగా ఎదురుతిరిగింది వెస్టే. పరువు నష్టం దావా వేశాడు, 1917లో ఓడిపోయాడు. యుద్ధంలో సేవ చేశారని 1919లో మిగతావాళ్ల నిషేధం ఎత్తేశారు. 1917లో యుద్ధంలోనే చనిపోయిన టర్న్‌బుల్‌కి కూడా మరణానంతరం క్షమాభిక్ష దొరికింది. వెస్ట్‌కి మాత్రం దొరకలేదు.

అతను అమాయకుడని నేను అనుకోవడం లేదు. నాకు మింగుడుపడనిది శిక్షలోని తేడా. ఒకే కేసు, తోటివాళ్లకి నాలుగేళ్లు, ఇతనికి ముప్పై ఏళ్లు. నిషేధం తొలగించింది 1945లో, అప్పటికి వెస్ట్ వయసు 59. 1965లో చనిపోయేదాకా తను ఏ తప్పూ చేయలేదనే చెప్తూ వచ్చాడు. మా ఓనరైతే ఆ మాట పూర్తిగా నమ్ముతాడు, ఈ విషయంలో ఆయనతో వాదించి లాభం లేదు.