ప్రశ్న–సమాధానం: పోర్ట్ లూయీలో గైడు వెంట తిండియాత్ర

ప్రశ్న: ఈ డిసెంబరులో నేను, మావారు, మా అత్తగారు మారిషస్ వెళ్తున్నాం. రాజధాని పోర్ట్ లూయీలో గైడు వెంట నడుస్తూ వీధి దుకాణాల్లో రుచులు చూసే ‘ఫుడ్ టూర్’ తీసుకోమని ట్రావెల్ ఏజెంటు సలహా ఇచ్చాడు. బండి మీద చవకగా దొరికే తిండికి అంత డబ్బు దండగని మావారు అంటున్నారు. మా అత్తగారికి 68 ఏళ్లు. శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. వెళ్లడం సబబేనంటారా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీవారి లెక్క తప్పు కాదు. తిండి ఖరీదు మాత్రమే చూస్తే గైడుకు ఇచ్చే రుసుము ఎక్కువే అనిపిస్తుంది. అయితే ఆ రుసుము తిండికి కాదు, పళ్లెంలో ఉన్నదేమిటో, అది ఎవరి వంటింటి నుంచి వచ్చిందో చెప్పగలిగే మనిషికి. శాకాహారి తోడుగా ఉన్న మీకు ఆ మనిషి అవసరం మరీ ఎక్కువ.

ఈ యాత్రలు సాధారణంగా సెంట్రల్ మార్కెట్ చుట్టుపక్కలే సాగుతాయి. అక్కడ మొదట పలకరించేది ధోల్ పూరి. ఉడికించిన పప్పును పొడిపొడిగా చేసి, జీలకర్ర, పసుపు కలిపి, పల్చని పిండి పొరలో పెట్టి వత్తి పెనం మీద కాలుస్తారు. బెల్లం వేయని బొబ్బట్టు అనుకుంటే మీ అత్తగారికి వెంటనే అర్థమవుతుంది. జంటగా ఇస్తారు, లోపల చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, పచ్చిమిరప ముద్ద రాసి, కాగితంలో చుట్టి చేతికి అందిస్తారు. గాతో పిమా అంటే ఫ్రెంచి పేరు పెట్టుకున్న మన పప్పు వడే. దాన్ని వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకొని పొద్దున్నే తినడం మాత్రం వాళ్ల సొంత అలవాటు. ఎండకు అలూదా తాగుతారు: చల్లని పాలు, సబ్జా గింజలు, సన్నగా తురిమిన అగర్ (సముద్రపు నాచుతో చేసే జెల్లీ) కలిసిన పానీయమది, మన ఫలూదాకు దగ్గరి చుట్టం.

ఇంతవరకు గైడు లేకపోయినా నడిచిపోతుంది. చైనాటౌన్‌లోకి అడుగుపెట్టాకే ఆయన విలువ తెలుస్తుంది. వేయించిన నూడుల్స్‌ను అక్కడ ‘మీన్’ అంటారు. పైకి కూరగాయలే కనిపించినా అందులో గుడ్డు ఉండవచ్చు, ఆల్చిప్పల మాంసంతో చేసే ఆయిస్టర్ సాసు పడి ఉండవచ్చు. ‘బూలెత్’ అనే ఆవిరి ఉండల్లో ఒక రకాన్ని శూశూతో, అంటే మన బెంగళూరు వంకాయతో చేస్తారు. అందులోనూ రొయ్యో మాంసమో కలిసే అవకాశం ఉంది. అక్కడి క్రియోల్ భాషలో దుకాణదారును ఇవన్నీ అడిగి తెలుసుకోవడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. అందువల్ల డబ్బు కట్టే ముందే, ‘గుడ్డు, చేప, మాంసం ఏవీ తినరు’ అని విడివిడిగా రాసి పంపండి. ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాట చాలదు. చేపను మాంసంగా లెక్కించని వారు ఎక్కడైనా ఉంటారు. శాకాహారికి ప్రతి మజిలీలోనూ బదులు వంటకం ఇస్తారా, లేక ఆ మజిలీ వదిలేస్తారా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

డిసెంబరు అక్కడ వేసవి. మార్కెట్ వీధులు ఇరుకు, ఎండ ఉక్కపోతతో కలిసి కొడుతుంది. ఉదయపు యాత్రనే ఎంచుకోండి, హోటల్లో ఫలాహారం మానుకొని ఖాళీ కడుపుతో బయలుదేరండి. ఎంతసేపు నడక, మధ్యలో ఎక్కడ కూర్చోనిస్తారు అని అడిగితే మీ అత్తగారి సంగతి తేలిపోతుంది. వీలైతే ప్రయాణంలో తొలి రోజునే పెట్టుకోండి. ఆ తరవాతి రోజుల్లో ఏ బండి దగ్గర ఏం అడగాలో మీకే తెలుస్తుంది, మీవారి ఖర్చూ గిట్టుబాటవుతుంది.

కాకినాడ వారు కనుక ఒక్క మాట. మార్కెట్‌కు నడక దూరంలోనే ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నుంచి ఒప్పంద కూలీలుగా భారతదేశం నుంచి వెళ్లిన లక్షల మంది ఆ ద్వీపంలో అడుగుపెట్టిన చోటు అది. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వారిలో తెలుగువారిని మీ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదనే ‘కోరంగీలు’ అనేవారు. నేటికీ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. యాత్ర పట్టికలో ఘాట్ లేకపోతే చేర్చమని అడగండి, కుదరదంటే మీరే వెళ్లి రండి. ధోల్ పూరి ఆ ద్వీపానికి ఎలా చేరిందో ఆ మెట్ల దగ్గర నిలబడితే బాగా తెలుస్తుంది.

ప్రశ్న: ఆఫీసు పని మీద వెళ్తున్న నాకు పోర్ట్ లూయీలో ఆదివారం మాత్రమే ఖాళీ. ఫుడ్ టూర్ తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ఆదివారం ఆ నగరంలో చాలా దుకాణాలు మూసి ఉంటాయి, మార్కెట్ కూడా మధ్యాహ్నానికల్లా సద్దుమణుగుతుంది. ఆ రోజున యాత్ర నడుపుతామని ఎవరైనా అంటే, ఏయే దుకాణాలు తెరిచి ఉంటాయో పేర్లతో సహా చెప్పమనండి. చెప్పలేకపోతే డబ్బు కట్టకండి. పొద్దున్నే మార్కెట్‌కు మీరే వెళ్లి, జనం ఎక్కువగా వరుస కట్టిన ధోల్ పూరి బండి దగ్గర నిలబడండి.