బేస్ గిటార్ మీద చేతులు ఎలా పెట్టాలి

అమ్మలూ,

మణికట్టు లాగేస్తోందనీ, మొదటి ఫ్రెట్ల (గిటార్ మెడ, అంటే నెక్ మీద కమ్మీల మధ్య గడుల) దగ్గర చిటికెన వేలు అందట్లేదనీ రాశావు. రెండింటికీ మూలం ఒకటే. కావాల్సినదానికన్నా ఎక్కువ బలం పెడుతున్నావు. వీణ నేర్చుకున్నదానివి కాబట్టి కొన్ని తేలిగ్గానే పట్టుబడతాయి, కొన్ని అలవాట్లు మాత్రం అడ్డమొస్తాయి.

వేళ్లకంటే ముందు గిటార్ని చూడు. పన్నెండో ఫ్రెట్ దగ్గర కమ్మీకీ లావు తీగకీ మధ్య ఎడం స్టీలు స్కేలుతో కొలువు. 2 నుంచి 2.5 మిల్లీమీటర్లుంటే సరిపోతుంది. 4 ఉంటే నీ తప్పేం లేదు, రిపేరు చేసేవాళ్ల దగ్గర సెటప్ (తీగల ఎత్తు సరిచేయడం) చేయించు. కూర్చుని వాయించినా స్ట్రాప్ (భుజానికి వేసుకునే పట్టీ) తగిలించుకో. నిలబడితే గిటార్ అదే ఎత్తులో ఉండాలి. మోకాళ్ల దాకా వేలాడేస్తే స్టేజీ మీద దర్జాగానే ఉంటుంది, కానీ రెండు మణికట్లూ మడత పడతాయి. నెక్ వదిలేయగానే కిందికి వాలిపోతోందా? అయితే ఎడమచెయ్యి వాయించే పని మానేసి మోసే పనిలో పడుతుంది. లోపలివైపు గరుకుగా ఉన్న వెడల్పాటి స్ట్రాప్ వేస్తే జారదు.

ఇక ఎడమచెయ్యి. బొటనవేలు నెక్ వెనక మధ్యలో, ఇంచుమించు నడిమి వేలికి ఎదురుగా ఉండాలి. అది ఆనడానికేగాని నొక్కడానికి కాదు. వేలు ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని, దానికి కాస్త వెనక నొక్కాలి. రెండు కమ్మీల నట్టనడుమ నొక్కితే ఎక్కువ బలం పెట్టాలి, అయినా తీగ గరగరలాడుతుంది. వీణ మీద తీగను పక్కకి లాగడం నీకు అలవాటు. ఇక్కడ తెలియకుండా లాగినా శ్రుతి పెరిగిపోతుంది, కాబట్టి నిటారుగా కిందికే నొక్కు.

ఎంత నొక్కాలో తెలియాలంటే ఇలా చెయ్యి. ఐదో ఫ్రెట్ దగ్గర తీగను ఊరికే తాకి ఉంచి, కుడిచేత్తో మీటుతూ ఉండు. ముందు చచ్చుగా టప్‌మంటుంది. కొంచెం కొంచెంగా నొక్కుతూ పో. స్వరం శుభ్రంగా పలికిన చోట ఆగు. అంతకుమించి పెట్టిన బలమంతా వృథా. తర్వాత బొటనవేలు తీసేసి చూడు. కుడి ముంజేయి గిటార్ని ఒంటికి ఆనించి ఉంచితే, ఎడమచేతి బరువుతోనే స్వరం పలకాలి.

చిటికెన వేలి సంగతి నీ చేతి లోపం కాదు. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. మొదటి కమ్మీ నుంచి నాలుగో కమ్మీకి 5 అంగుళాల పైచిలుకు, పన్నెండు నుంచి పదిహేనుకి మూడంగుళాలు కూడా లేదు. అందుకే ఐదో ఫ్రెట్ నుంచే ఫ్రెట్‌కో వేలు పద్ధతి మొదలుపెట్టు. అంతకుముందు ఫ్రెట్లలో డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాళ్ల పద్ధతి మంచిది: చూపుడు వేలు, నడిమి వేలు, ఆ తర్వాత ఉంగరపు వేలూ చిటికెన వేలూ కలిసి. నాలుగు వేళ్లకు మూడే ఫ్రెట్లు. నాలుగోది కావాలంటే వేళ్లు చాచకు, చెయ్యే జరుపు.

కుడిచేతికి చూపుడు వేలూ నడిమి వేలూ మార్చి మార్చి మీటడం నీకు కొత్త కాదు. కానీ ఇక్కడ గోరు తగలకూడదు, వేలి కొస కండతోనే. లావు తీగ మీటేటప్పుడు బొటనవేలు పికప్ (తీగల కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతపు బిళ్ల) మీద ఆనించు. మిగతా తీగలకు వెళ్లినప్పుడు దాన్ని లావు తీగ మీదికి తెచ్చెయ్, ఆ తీగ మోగకుండా అణిగి ఉంటుంది. మీటిన వేలు గాల్లోకి లేవకూడదు, దానికి పక్కనున్న, దానికన్నా లావైన తీగ మీద వాలి ఆగాలి. తీగను పైకి గుంజి వదిలితే కమ్మీలకు కొట్టుకుని టకటకమంటుంది, నాదం పలచబడుతుంది. శబ్దం చాలకపోతే యాంప్ పెంచు, చెయ్యి పెంచకు.

అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడు వేలితోనే నెట్టుకొచ్చాడు, నిజమే. ఆ మాట చెప్పి రెండో వేలికి సెలవిచ్చేవాళ్లు చాలామంది. నువ్వు ఆ పని చెయ్యకు.

బేస్‌లో సగం పని మోగకూడని తీగని ఆపడమే. స్వరం పూర్తవగానే ఎడమచేతి వేలిని తీగ మీంచి ఎత్తెయ్యకు, పట్టు మాత్రం సడలించు. ఎత్తితే ఖాళీ తీగ మోగుతుంది.

సాధనకి ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది ఫ్రెట్లు, ఒక్కో వేలితో ఒక్కొక్కటి, నాలుగు తీగల మీదా. మెట్రోనోమ్‌ని (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి దెబ్బకో స్వరం. పైకెళ్లేటప్పుడు నొక్కిన వేళ్లు అక్కడే ఉండనీ. తడబడకుండా వస్తేనే దెబ్బకి రెండు. పావుగంట వాయించి ఆపు, సాయంత్రం ఇంకో పావుగంట. వేలి కొసలు మండితే కంగారుపడకు, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. మణికట్టులో పోటు గానీ, వేళ్లలో తిమ్మిరి గానీ వస్తే మాత్రం వెంటనే ఆపెయ్. విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే డాక్టరుకి చూపించు.

ఈసారి వీడియో పంపేటప్పుడు ఫోన్ నీ ఎడమపక్కన పెట్టు. మొహం కనిపించకపోయినా ఫర్వాలేదు, నెక్ వెనక బొటనవేలు కనిపించాలి.

— మామయ్య