ఒక గేమ్ కొని రెండు కంప్యూటర్లలో వేసుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. అబ్బాయికి డెస్క్‌టాప్, ఇంటర్ చదివే అమ్మాయికి ల్యాప్‌టాప్ ఉన్నాయి. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక కార్ రేస్ గేమ్ డీవీడీ బిల్లుతో సహా కొన్నాం. ఈమధ్య అబ్బాయి స్టీమ్‌లో (ఇంటర్నెట్‌లో గేమ్‌లు అమ్మే దుకాణం) ఇంకో రెండు గేమ్‌లు కొన్నాడు. అన్నీ చెల్లెలి ల్యాప్‌టాప్‌లో కూడా వేశాడు. అందులో డీవీడీ గేమ్ ఒక్కటి తెరుచుకోవడం లేదు. ఇంటర్నెట్‌లో ‘క్రాక్’ (గేమ్ తాళాన్ని దాటించే ఫైల్) దొరుకుతుంది, వేసేస్తానంటున్నాడు. గేమింగ్ సెంటర్ పెట్టిన మా బావమరిది ఆ డీవీడీ, స్టీమ్ అకౌంట్ రెండూ తనకిమ్మంటున్నాడు. ఇదంతా పైరసీ, జైలుకెళ్తారని ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు. నిజమేనా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీ అబ్బాయి ఇంతవరకు చేసింది జైలుదాకా వెళ్లే పని కాదు. చిక్కంతా వాడు చేస్తానంటున్న పనిలోనూ, మీ బావమరిది అడుగుతున్న దాంట్లోనూ ఉంది.

మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్యం కింద లెక్కగడుతుంది. కార్ రేస్ గేమ్ సాహిత్యమేమిటని నవ్వకండి, చట్టంలో అలాగే ఉంది. కాపీ చేసే హక్కు హక్కుదారుడిది. గేమ్ ఇన్‌స్టాల్ చేయడమంటే కాపీ చేయడమే కదా, మరి డబ్బు పెట్టి కొన్నవాడి సంగతేమిటి? ఆ దారి సెక్షన్ 52లో ఉంది. 52(1)(ఏఏ) ప్రకారం, న్యాయంగా చేతికొచ్చిన కాపీని ఏ పనికోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి కాపీ చేసుకోవచ్చు. పోయినా పాడైనా ఇబ్బంది లేకుండా బ్యాకప్ కూడా తీసుకోవచ్చు. మీకు ఎక్కువ పనికొచ్చేది 52(1)(ఏడీ). చట్టబద్ధంగా సంపాదించుకున్న కాపీ నుంచి, వ్యాపారం కాని సొంత వాడకానికి కాపీలు చేసుకోవచ్చని అది చెబుతోంది. ‘కాపీలు’ అన్నారు గానీ ఎన్ని అని లెక్క పెట్టలేదు.

చాలామంది దీన్ని ‘ఫెయిర్ డీలింగ్’ అంటారు. అది పొరపాటు. సొంత వాడకానికి ఫెయిర్ డీలింగ్ ఒప్పుకునే 52(1)(ఏ)లోనే ‘కంప్యూటర్ ప్రోగ్రామ్ కాకుండా’ అని స్పష్టంగా రాశారు. ఎవరైనా వాదనకు దిగితే మీరు చూపించాల్సింది ఏడీ.

కాబట్టి ఒక్క మనిషే తన డెస్క్‌టాప్‌లో, తన ల్యాప్‌టాప్‌లో గేమ్ వేసుకుంటే చట్టంతో పేచీ లేదు. అన్న కొన్నది చెల్లెలి మెషిన్‌లో వేస్తే? చట్టం ‘వ్యక్తిగత’ అంది, ‘కుటుంబ’ అనలేదు. ఒకే ఇంట్లో, పైసా లాభం లేకుండా, పిల్లలిద్దరూ ఆడుకోవడం వ్యక్తిగత వాడకమేనని నేనైతే కోర్టులో గట్టిగా వాదిస్తాను. ఎదుటి లాయరుకూ మాట్లాడే చోటుందని ఒప్పుకుంటాను. అదే గేమ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి స్నేహితుడి ఇంటికి పట్టుకెళ్తే మాత్రం ఆ వాదన నేను తలకెత్తుకోను.

ఇక ఒప్పందం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎవరూ చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కే ఆ పొడవాటి కాగితం వట్టిది కాదు. ఎలక్ట్రానిక్ ఒప్పందాలు చెల్లుతాయని ఐటీ చట్టం సెక్షన్ 10ఏ చెబుతోంది. ఒక్క కంప్యూటర్లోనే వాడాలని అందులో ఉండి, మీరు రెండింట్లో వాడితే అది ఆ కంపెనీకీ మీకూ మధ్య సివిల్ తగాదా. పోలీసులు రారు. కంపెనీ చేతిలో అంతకన్నా సులువైన ఆయుధం ఉంది: గేమ్ తెరిచే కోడ్‌ను, అంటే ‘కీ’ని ఆపేస్తుంది, అకౌంట్ మూసేస్తుంది. మా అబ్బాయికి పద్దెనిమిది నిండలేదు, మైనర్ ఒప్పందం చెల్లదు కదా అంటారేమో. 1903 నాటి ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు పై కోర్టు) తీర్పు మొదలు ఇప్పటిదాకా అది నిజమే. కానీ ఆ మాట పట్టుకుని మూసేసిన అకౌంట్ తెరిపించలేం. పైగా కార్డు మీదే అయ్యుంటుంది.

మీ డీవీడీకీ, స్టీమ్ గేమ్‌లకీ ఒక తేడా ఉంది. అంగట్లో డిస్క్ మీద అమ్మే సాఫ్ట్‌వేర్ ‘సరుకే’నని, దానిమీద అమ్మకం పన్ను వేయొచ్చని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. అది టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కీ అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నడిచిన కేసు. అంటే డిస్క్ మీ సొంతం, అందులోని ప్రోగ్రామ్ మీద కాపీరైట్ మాత్రం మీది కాదు. స్టీమ్‌లో డిస్కే లేదు. కొన్నది లైసెన్సే, సొంతం కాదని వాళ్ల ఒప్పందం సూటిగా చెబుతుంది.

అయినా స్టీమ్ విషయంలో మీకు బెంగ అక్కర్లేదు. ఒకే అకౌంట్‌తో ఎన్ని కంప్యూటర్లలోనైనా ఇన్‌స్టాల్ చేసుకోనిస్తారు. చెల్లెలికి అన్న పాస్‌వర్డ్ ఇవ్వకుండా, ఆమెకూ ఒక ఉచిత అకౌంట్ తెరిచి ‘స్టీమ్ ఫ్యామిలీస్’లో చేర్చండి. ఒకే ఇంట్లో ఉండే ఆరుగురి దాకా చేరవచ్చు. అన్న ఒక గేమ్ ఆడుతుంటే చెల్లెలు రెండోది ఆడుకోవచ్చు. ఇద్దరికీ ఒకేసారి అదే గేమ్ కావాలంటే రెండు కాపీలు కొనాల్సిందే. ఇంకో మెలిక ఉంది. అరువు గేమ్‌లో చెల్లెలు మోసం చేసి దొరికితే, కొన్న అన్న కూడా ఆ గేమ్‌లో నిషేధానికి గురవుతాడు. ఇంట్లో గొడవకు ఇదొక్కటి చాలు.

క్రాక్ దగ్గరికి రండి. ఇది వద్దు. తాళం లాంటి రక్షణను, కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదిస్తే సెక్షన్ 65ఏ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ‘నేను డబ్బిచ్చి కొన్నాను, నాకు ఆ ఉద్దేశం లేదు’ అనొచ్చు, అందులో పస ఉంది కూడా. కానీ క్రాక్‌తో పాటు మీ ఇంట్లోకొచ్చే ఫైల్ మీరు కొన్న కాపీ కాదు, ఎవరో అనుమతి లేకుండా మార్చి పంచింది. అది దొంగ కాపీ అని తెలిసీ వాడితే 63బి వర్తిస్తుంది: ఏడు రోజుల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం కాదని తేలితే, తగిన కారణాలు చూపించి కోర్టు జైలు తప్పించి 50 వేల లోపు జరిమానాతో వదలవచ్చు. వైరస్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

దానికంటే డీవీడీ పెట్టె తిరగేసి చూడండి. వెనక స్టిక్కర్ మీద కీ ఉండొచ్చు. ‘బి’ అక్షరమో ఎనిమిది అంకెయో పోల్చుకోలేక సగం ‘కీ పనిచేయదు’ గొడవలు పుడతాయి. అది సరిచూశాక, ఆ కీ ఎన్ని మెషిన్లలో వాడొచ్చో పెట్టె మీద చదవండి. పరిమితి దాటిపోయి ఉంటే పాత కంప్యూటర్లో తీసేసి, కీ, బిల్లు ఫొటోలతో కంపెనీ సపోర్ట్‌కు రాయండి. అడిగితే రీసెట్ చేసే కంపెనీలున్నాయి.

బావమరిదికి మాత్రం డీవీడీ, అకౌంట్ రెండూ ఇవ్వకండి. మొహమాటం పడే చోటు కాదిది. గంటకింత అని తీసుకుని ఆడించే చోట ఏడీ మినహాయింపు ఎగిరిపోతుంది, 63బిలోని ‘లాభం లేదు’ అన్న మాటా ఎగిరిపోతుంది. కాపీరైట్ ఉల్లంఘనకు శిక్ష చెప్పే సెక్షన్ 63 కింది నేరం కాగ్నిజబుల్ (వారంట్ లేకుండా అరెస్టు చేయగలిగేది), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. సెక్షన్ 64 కింద ఎస్సై స్థాయి అధికారి వారంట్ లేకుండానే దొంగ కాపీలను స్వాధీనం చేసుకోవచ్చు. ఒకే డిస్క్‌ను పన్నెండు సిస్టమ్‌ల్లో వేసిన నెట్ సెంటర్ యజమాని ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. కేసు సంగతి కంటే, హార్డ్ డిస్క్‌లు స్టేషన్లో ఉన్నన్నాళ్లూ షట్టర్ దించి కూర్చోవాల్సి వచ్చిందనే ఆయన బాధ. స్టీమ్ మామూలు అకౌంట్ సొంత వాడకానికి మాత్రమే. గేమింగ్ సెంటర్ల కోసం వాళ్లదే వేరే పథకం ఉంది. మీ బావమరిదిని అందులో చేరమనండి.

ఒకవేళ పాస్‌వర్డ్ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ రాత్రే మార్చేయండి. ఇంకొకటి, ఆ డీవీడీ బిల్లు థర్మల్ కాగితం మీదిదైతే అక్షరాలు ఇప్పటికే సగం మాసిపోయి ఉంటాయి. ఉన్నదాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.